ఇంటి మార్పులకు ప్లాన్ మీరే వేసుకోవడం ఎలా? టేపు, గ్రాఫ్ పేపరు, సుద్దముక్క, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు

గోడ తీయించాలన్నా, వంటగది మార్చాలన్నా, అమ్మానాన్నల కోసం కింద బాత్రూమ్ కట్టించాలన్నా ఈమధ్య అందరూ ముందు అడిగేది ఒకటే: "ఏ యాప్ వాడమంటారు?" యాప్ పేరు చెబుతాను గానీ, అది ఆరో మెట్టు. మొదటి ఐదూ దాటకుండా యాప్ తెరిస్తే అందమైన బొమ్మ వస్తుంది, పనికొచ్చే ప్లాన్ రాదు. ఆ బొమ్మలో సోఫా చక్కగా పడుతుంది, ఇంట్లో మాత్రం తలుపుకు అడ్డం వస్తుంది.

ఇది కొత్తగా కట్టే ఇంటికంటే ఉన్న ఇంట్లో మార్పులు చేసుకునేవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. స్లాబు, పిల్లర్లు, పునాది జోలికి వెళ్లే పని ఏదైనా సరే స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాల్సిందే. ఆయన ఫీజు మిగుల్చుకోవడానికి రాసింది కాదిది. ఆయన దగ్గరికీ మేస్త్రీ దగ్గరికీ సరైన కొలతలతో, స్పష్టమైన ఆలోచనతో వెళ్లడానికి రాసింది.

ఏమేం కావాలి?

- 5 మీటర్ల స్టీలు టేపు. పట్టీ అంగుళం వెడల్పున్నది తీసుకోండి. సన్న పట్టీ అయితే నాలుగడుగులు లాగగానే వంగిపోతుంది. ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు ఉండాలి.
- సెంటీమీటరు గళ్ల గ్రాఫ్ పేపర్లు, పెన్సిలు, రబ్బరు, 30 సెంటీమీటర్ల స్కేలు.
- రెండు మూడు పాత శుభలేఖలు, కత్తెర. ఎందుకో తర్వాత చెబుతాను.
- సుద్దముక్కలు, లేదా ఇంట్లో ఉన్న ముగ్గుపిండి.
- ఫోన్. లాప్‌టాప్ ఉంటే మంచిది, పాతదైనా ఫర్వాలేదు.
- టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి.

బయటి కొలతలకు 30 మీటర్ల ఫైబర్ టేపు కావాలి. దాన్ని కొనక్కర్లేదు, ఏ మేస్త్రీని అడిగినా ఒక పూటకు ఇస్తాడు. గట్టిగా లాగితే ఫైబర్ టేపు సాగుతుంది కాబట్టి బిగువుగా పట్టుకుంటే చాలు.

లేజర్ మీటర్ బాగానే పనిచేస్తుంది. ఒక్కరే కొలుచుకోవాలన్నా, స్లాబు ఎత్తు చూడాలన్నా సుఖం. కానీ వేలల్లో ఖర్చు. ఒక్క ఇంటి కోసం కొనడం దండగ. తెలిసినవాళ్ల దగ్గరుంటే అరువు తెచ్చుకోండి. నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేర్లు, ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ ప్లాన్లు మీకు అసలు అక్కర్లేదు.

1. ముందు పాత కాగితాలు తీయండి

మునిసిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఆమోదించిన పాత ప్లాన్ బీరువాలో ఎక్కడో ఉంటుంది. అపార్ట్‌మెంట్ అయితే బిల్డర్‌నో అసోసియేషన్‌నో అడిగి స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీసుకోండి. వాటిలో కొలతలు నమ్మడానికి కాదు, పిల్లర్లు ఎక్కడున్నాయో, బీములు ఎటు పోయాయో తెలుసుకోవడానికి.

జాగ్రత్త: కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఇటుక గోడలు ఉండవు. అల్యూమినియం అచ్చులు పెట్టి గోడ, స్లాబు కలిపి కాంక్రీటు పోస్తారు. దీన్ని మైవాన్ పద్ధతి అంటారు. అక్కడ లోపలి గోడ కూడా పైఅంతస్తుల బరువు మోస్తుండవచ్చు. పగలగొట్టడం కాదు, ఏసీ పైపుకు రంధ్రం వేయాలన్నా డ్రాయింగ్ చూసే వేయాలి. మామూలు పాత ఇళ్లలో 9 అంగుళాల గోడ బరువు మోస్తుందనీ, 4.5 అంగుళాల గోడ కేవలం అడ్డుగోడనీ అనుకోవడం అలవాటు. చాలాసార్లు నిజమే. కానీ పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసిన పాత ఇళ్లలో ఈ లెక్క మీద ఆధారపడకండి. డ్రిల్లు పెడితే ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక. బూడిదరంగు పొడి వస్తే కాంక్రీటూ కావచ్చు, సిమెంటు ఇటుకా కావచ్చు. అనుమానం ఉన్నంతవరకు ఆ గోడను "తీయకూడనిది" అనే గుర్తు పెట్టుకోండి.

2. చేత్తో గీసుకోండి, స్కేలు లేకుండా

తెల్లకాగితం మీద ఇంటి ఆకారం ఉజ్జాయింపుగా గీయండి. గదులు, గుమ్మాలు, కిటికీలు, పిల్లర్లు, మెట్లు. వంకరగా ఉన్నా ఏం కాదు. ఒక గదికి ఒక కాగితం పెట్టుకుంటే అంకెలు రాసుకోవడానికి చోటుంటుంది. అన్నీ ఒకే కాగితంలో ఇరికిస్తే ఇంటికొచ్చాక ఏ అంకె ఏ గోడదో మీకే తెలియదు.

ఉత్తరం గుర్తు ఇప్పుడే పెట్టండి. ఫోన్‌లో దిక్సూచి వాడేటప్పుడు స్టీలు బీరువా పక్కనా, పిల్లరు పక్కనా నిలబడకండి. ఇనుము దగ్గర అది తప్పు చూపిస్తుంది. మేడ మీదో రోడ్డు మీదో రెండు మూడు చోట్ల చూసి, అన్నిచోట్లా ఒకే దిక్కు చూపిస్తేనే రాసుకోండి.

3. కొలతలు తీసుకోండి

ఇక్కడ తొందరపడకండి. మామూలు రెండు బెడ్‌రూముల ఇంటికి ఒక పూట పడుతుంది.

ఒక గదికి తీసుకోవాల్సినవి: పొడవు, వెడల్పు, రెండు మూలలకూ ఐమూలగా రెండు కర్ణాలు, స్లాబు ఎత్తు, బీము కింద ఎత్తు, ప్రతి గుమ్మం, ప్రతి కిటికీ, వాటికి మూల నుంచి ఎంత దూరం, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తు, సజ్జ లోతు. తర్వాత స్విచ్‌బోర్డులు, ఏసీ పాయింటు, నీళ్ల పైపులు, డ్రైనేజీ ఎటు పోతోంది. చివరివి మూడూ చాలామంది వదిలేస్తారు. డబ్బులు పోయేది అక్కడే.

పొడవు, వెడల్పు ఒక్కచోట కొలిస్తే సరిపోదు. నేల దగ్గర ఒకసారి, నడుము ఎత్తులో ఒకసారి చూడండి. పాత గోడలు నిట్టనిలువుగా ఉండవు. రెండు కొలతలు వేరుగా వస్తే చిన్నదే రాసుకోండి. వార్డ్‌రోబ్ పట్టాల్సింది చిన్న కొలతలోనే కదా.

టేపు గురించి రెండు మాటలు. దాని కొసన ఉండే కొక్కెం కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది. పాడైందనుకుని సుత్తితో బిగించేవాళ్లున్నారు. అది కావాలనే అలా చేస్తారు. అంచుకు తగిలించి లాగినప్పుడూ, గోడకు ఆనించి నొక్కినప్పుడూ కొక్కెం మందం లెక్కలోంచి పోవడానికే ఆ కదలిక. ఇక గోడ మూలలో టేపును వంచి అంకె చదివితే అర అంగుళం తప్పు గ్యారంటీ. అందుకే ఒక గోడ నుంచి సరిగ్గా 5 అడుగుల దగ్గర పెన్సిలు గీత పెట్టి, అవతలి గోడ నుంచి ఆ గీత దాకా కొలిచి రెండూ కలపండి.

అంకెలు రాసే పద్ధతి మీద పట్టుదలగా ఉండండి. 10 అడుగుల 5 అంగుళాలను "10.5" అని రాస్తే, తర్వాత దాన్ని చూసే మనిషి పదిన్నర అడుగులు అనుకుంటాడు. పదిన్నర అంటే 10 అడుగుల 6 అంగుళాలు. అంగుళం తేడా. "10.11" అని రాస్తే ఇంకా ప్రమాదం: 10 అడుగుల 11 అంగుళాలు అనుకుని మీరు రాస్తారు, క్యాలిక్యులేటర్ దాన్ని 10 అడుగుల అంగుళంపావుగా తీసుకుంటుంది. 10-5, 10-11 అని గీత పెట్టి రాయండి. లేదా మొత్తం అంగుళాల్లోనే రాయండి. వడ్రంగులు ఎలాగూ అంగుళాలూ నూళ్లలోనే (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) మాట్లాడతారు.

ప్రతి గోడకూ ఫోటో తీయండి, టేపు కూడా ఫోటోలో పడేలా. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో ఇల్లు బాగుచేయిస్తున్నవాళ్లకు ఇది మరీ అవసరం. "గది కొలతలు పంపండి నాన్నా" అంటే "పది బై పన్నెండురా" అనే వస్తుంది. టేపు ఆనించి ఉన్న ఫోటోలు అడగండి.

4. కొలతలు సరిచూడండి, ఇంటి దగ్గర ఉండగానే

ప్లాన్‌లో "10 బై 12" అని ఉన్న ఒక బెడ్‌రూమ్ తీసుకుందాం. ప్లాస్టరింగ్ అయ్యాక లోపల టేపు పెడితే 9-8 బై 11-7 వచ్చిందనుకోండి. ఇలా రావడం మామూలే. ఇది సరైన కొలతో కాదో రెండు పరీక్షలతో తెలుస్తుంది.

మొదటిది కర్ణాలు. 9-8 అంటే 116 అంగుళాలు, 11-7 అంటే 139. మూలలు సరిగ్గా మూలమట్టానికి ఉంటే కర్ణం 181 అంగుళాలు, అంటే 15 అడుగుల 1 అంగుళం రావాలి. రెండు కర్ణాలూ అంతే వస్తే గది చక్కగా ఉంది. ఒకటి 15-3, ఇంకోటి 14-11 వస్తే గది మూల తిరిగింది. టైల్స్ వేసేటప్పుడు ఒక గోడ పక్కన ఏటవాలు ముక్కలు వస్తాయనీ, మూలకు చేసే ఫర్నిచర్‌ను అక్కడికక్కడే సరిచేయించాలనీ ఇప్పుడే తెలిసిపోతుంది.

రెండోది మొత్తం లెక్క. ఎడమ నుంచి కుడికి: బయటి గోడ ప్లాస్టరింగ్‌తో 10 అంగుళాలు, హాలు 11-8, అడ్డుగోడ 5.5 అంగుళాలు, బెడ్‌రూమ్ 9-8, మళ్లీ బయటి గోడ 10 అంగుళాలు. కలిపితే 23 అడుగుల 5.5 అంగుళాలు. బయట నుంచి కొలిస్తే 23-6 వచ్చిందా, మీ కొలతలు సరైనవే. అర అంగుళం ప్లాస్టరింగ్‌లో పోతుంది. రెండు అంగుళాలకు మించి తేడా ఉంటే మాత్రం ఏదో కొలత తప్పింది, లేదా గోడ మందం మీరనుకున్నది కాదు. గుమ్మం దగ్గర గోడ మందం నేరుగా కొలవచ్చు, ఊహించనక్కర్లేదు.

5. గ్రాఫ్ పేపరు మీదకు తెండి

ఇల్లు మొత్తానికి ఒక సెంటీమీటరుకు 2 అడుగులు పెట్టుకోండి. ఏ4 కాగితంలో 42 అడుగుల వెడల్పు, 59 అడుగుల పొడవు దాకా పడుతుంది. 30 బై 40 స్థలం, అంటే 133 గజాల ఇల్లు, హాయిగా సరిపోతుంది. ఒక్క గదికి అయితే సెంటీమీటరుకు 1 అడుగు పెట్టండి. అప్పుడు 6 అంగుళాలు 5 చిన్న గళ్లు, 3 అంగుళాలు రెండున్నర గళ్లు. చిన్న గడి అంటే అంగుళం అనుకోకండి. సెంటీమీటరులో చిన్న గళ్లు పదే, అడుగులో అంగుళాలు పన్నెండు.

గోడలను ఒక్క గీతగా గీయకండి, మందంతో గీయండి. ఇదే స్కేల్లో శుభలేఖ అట్ట మీద మీ సామాను కత్తిరించండి. క్వీన్ సైజు మంచం 5 బై 6.5, కింగ్ సైజు 6 బై 6.5, వార్డ్‌రోబ్ లోతు 2 అడుగులు, వంట గట్టు లోతు 2 అడుగులు. బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మాత్రం మీ ఇంట్లోవి కొలిచి కత్తిరించండి. తలుపు తిరిగే చోటు కూడా పావు వృత్తంగా కత్తిరించి పెట్టండి. తలుపు రెక్కను మరిచిపోయిన ప్లాన్లు నేను చూసినవాటిలో కోకొల్లలు.

ఇక ఆ అట్టముక్కలు జరుపుతూ చూడండి. మన 9-8 బై 11-7 గదిలో 9-8 గోడకు క్వీన్ మంచం తల ఆనించి మధ్యలో వేస్తే అటూ ఇటూ 2 అడుగుల 4 అంగుళాలు మిగులుతుంది. ఎదురు గోడకు 2 అడుగుల వార్డ్‌రోబ్ పెడితే మంచానికీ దానికీ మధ్య 3 అడుగుల 1 అంగుళం. తలుపులు హాయిగా తెరుచుకుంటాయి. అదే వార్డ్‌రోబ్‌ను పక్క గోడకు మార్చి, మంచాన్ని అవతలి గోడకు ఆనించారనుకోండి. మిగిలేది 2 అడుగుల 8 అంగుళాలే. అడుగున్నర రెక్క తెరిస్తే మనిషి నిలబడే చోటు కష్టమవుతుంది. స్లైడింగ్ తలుపులైతే నడుస్తుంది. ఈ సంగతి తెలియడానికి త్రీడీ అక్కర్లేదు, పాత శుభలేఖ చాలు.

పక్కన పెట్టుకోవాల్సిన కొలతలు కొన్ని:

- నడిచే దారి 3 అడుగులు. తప్పనిసరైతే 2.5.
- ఎదురెదురుగా రెండు వంట గట్లు ఉంటే మధ్యలో 4 అడుగులు.
- గట్టు ఎత్తు: వంట చేసేవాళ్ల మోచేతికి 4 అంగుళాలు కింద. మేస్త్రీ చెప్పే లెక్క అందరికీ నప్పదు. ఇంట్లో ఎక్కువగా వండేది ఎవరో వాళ్లను నిలబెట్టి కొలవండి.
- కమోడ్ మధ్య నుంచి పక్క గోడకు కనీసం 15 అంగుళాలు, ముందు 2 అడుగులు ఖాళీ.
- జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 ప్రకారం వంటగది 5 చదరపు మీటర్లకూ, 1.8 మీటర్ల వెడల్పుకూ తగ్గకూడదు. బాత్రూమ్, టాయిలెట్ కలిపి ఉంటే 2.8 చదరపు మీటర్లు, 1.2 మీటర్ల వెడల్పు. అంటే సుమారు 30 చదరపు అడుగులు, 4 అడుగుల వెడల్పు.

పెద్దవాళ్ల కోసం బాత్రూమ్ మారుస్తుంటే ఒక్క విషయం. "రెండున్నర అడుగుల తలుపు" అంటే ద్వారబంధం బయటి కొలత. రెండువైపులా చెక్క రెండున్నర అంగుళాల చొప్పున పోతే లోపల మిగిలేది 25 అంగుళాలు. వాకర్ పట్టుకున్న మనిషికి అది ఇరుకు, చక్రాల కుర్చీ చాలావరకు పట్టదు. 3 అడుగుల తలుపు పెట్టండి. రెక్క బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును మనిషే అడ్డుకుంటారు.

వాస్తు చూపించుకునేవాళ్లు ఈ మెట్టు దగ్గరే చూపించండి. గ్రాఫ్ పేపరు మీద పొయ్యిని ఆగ్నేయానికి జరపడానికి రబ్బరు చాలు. టైల్స్ వేశాక వచ్చి "ఇది ఇటు ఉండకూడదండీ" అంటే అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

6. ఇప్పుడు సాఫ్ట్‌వేర్

నా సలహా స్వీట్ హోమ్ త్రీడీ. ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పాత లాప్‌టాప్‌లో కూడా ఇబ్బంది లేదు. ఒకసారి వేసుకున్నాక ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆప్ స్టోర్లలో డబ్బు తీసుకునే వెర్షన్ కనిపిస్తుంది. దాని సొంత వెబ్‌సైట్‌లో దొరికే ఉచిత వెర్షనే మన పనికి చాలు.

మొదలుపెట్టగానే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి కొలతలను అడుగులు, అంగుళాలకు మార్చండి. గోడ మందం మార్చండి: బయటి గోడకు 10 అంగుళాలు, అడ్డుగోడకు 5.5. మొదట్లో అది పెట్టి ఉంచే గోడ మన ఇటుక గోడకంటే చాలా పలుచన. అలాగే వదిలేస్తే ప్రతి గదీ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. తర్వాత మీ గ్రాఫ్ పేపరు ఫోటోను బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్‌గా తెచ్చుకోండి. తెలిసిన గోడ ఒకదాని మీద గీత గీసి దాని పొడవు చెబితే స్కేలు అదే సరిచేసుకుంటుంది. ఫోటో తీసేటప్పుడు కాగితానికి సరిగ్గా పైనుంచి తీయండి. పక్కనుంచి తీస్తే ఒక కొస కుదించుకుపోతుంది.

గోడ గీసేటప్పుడు ఎంటర్ నొక్కితే పొడవును అంకెల్లో ఇవ్వవచ్చు. ఇక్కడే దాదాపు అందరూ పడే గొయ్యి ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ గోడ పొడవును గోడ మధ్యగీత నుంచి మధ్యగీతకు లెక్కేస్తుంది. మీరు కొలిచింది లోపలి అంచు నుంచి లోపలి అంచుకు. 9-8 అని నేరుగా ఇస్తే, ఒకవైపు 10 అంగుళాల గోడలో సగం, ఇంకోవైపు 5.5 అంగుళాల గోడలో సగం, మొత్తం 7.75 అంగుళాలు గదిలోంచి తినేస్తుంది. గది 9 అడుగులైపోతుంది! కాబట్టి ఆ సగాలు కలిపి 10 అడుగుల 3.75 అంగుళాలు ఇవ్వాలి. గీశాక డైమెన్షన్ గీత పెట్టి లోపలి కొలత చూడండి. 9-8 చూపించాలి. చూపించకపోతే ముందుకు వెళ్లకండి.

మంచాలు, సోఫాల బొమ్మలు వాటి సొంత సైజుల్లో వస్తాయి. ప్రతిదాని మీదా డబుల్ క్లిక్ చేసి మీ కొలత ఇవ్వండి. ప్లాన్‌లో దిక్సూచి బొమ్మను మీ ఉత్తరానికి తిప్పి, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు పెట్టండి. హైదరాబాద్‌కైతే సుమారు 17.4, 78.5. ఫోటో తయారుచేసే చోట నాణ్యత పెంచితే తేదీ, సమయం అడుగుతుంది. మే నెల, సాయంత్రం నాలుగు గంటలు పెట్టి చూడండి. పడమటి కిటికీలోంచి ఎండ మంచం మీద ఎంతవరకు పడుతుందో కనిపిస్తుంది. రంగులూ కర్టెన్లూ చూసుకుని మురిసిపోవడం కంటే ఇది పనికొచ్చే త్రీడీ.

లాప్‌టాప్ లేదా? ఫోన్‌లో, బ్రౌజర్‌లో పనిచేసేవి చాలా ఉన్నాయి: ప్లానర్ 5డీ, ఫ్లోర్‌ప్లానర్ లాంటివి. వాటిలో ఉచితంగా ఇచ్చేది కొంతే. సాయంత్రమంతా కూర్చుని ఇల్లు గీశాక "డౌన్‌లోడ్‌కు డబ్బు కట్టండి" అంటే ఒళ్లు మండుతుంది. అందుకే ముందు ఒక్క గది గీసి ఈ నాలుగూ చూడండి: అడుగులు, అంగుళాలు తీసుకుంటుందా? గోడ మందం మార్చనిస్తుందా? కొలతలతో సహా పీడీఎఫ్ ఉచితంగా ఇస్తుందా? రేపు తెరిస్తే గీసింది అలాగే ఉందా? ఒక్కటి లేకపోయినా వదిలేయండి.

స్కెచప్‌కు బ్రౌజర్‌లో ఉచిత వెర్షన్ ఉంది. వంటగది అరలు, ద్వారాల డిజైన్ లాంటివాటికి బాగుంటుంది కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఆటోక్యాడ్ మీ పని కాదు, ఇంజినీరు పని. ఐఫోన్ ప్రో మోడళ్లలో ఉండే లైడార్‌తో (కాంతితో దూరం కొలిచే సెన్సర్) గదిని స్కాన్ చేసే యాప్‌లు సరదాగా ఉంటాయి. గది ఆకారం తెలుస్తుంది. కానీ ఆ కొలతతో వార్డ్‌రోబ్ ఆర్డర్ ఇవ్వకండి. అంగుళం అటూ ఇటూ అయితే చెక్క ఒప్పుకోదు.

7. నేల మీద ముగ్గు పోయండి

పునాదికి మేస్త్రీలు ముగ్గు పోసినట్టే మీరూ పోసుకోండి. మేడ మీద, వాకిట్లో, లేదా ఉన్న గదిలోనే సుద్దముక్కతో కొత్త ప్లాన్‌ను అసలు సైజులో గీయండి. కొత్త వంటగది 7 బై 9 అయితే ఆ గీతల మధ్య గట్టు, సింకు, ఫ్రిజ్ గీయండి. గట్టు స్థానంలో బల్ల పెట్టండి. తర్వాత ఇంట్లో ఇద్దరిని అందులోకి పంపి, ఒకరు దోసెలు పోస్తున్నట్టు, ఇంకొకరు ఫ్రిజ్ తెరుస్తున్నట్టు చేయమనండి. ఇద్దరూ గుద్దుకుంటున్నారంటే ఆ ప్లాన్ కాగితం మీద ఎంత బాగున్నా మార్చాల్సిందే.

కాగితం మీద 3 అడుగులు చాలా అనిపిస్తుంది, సుద్దగీతల మధ్య నిలబడితే ఎంతో తెలుస్తుంది. గోడలు లేవు కాబట్టి గీతల మధ్య స్థలం ఉన్నదానికంటే కొంచెం విశాలంగా అనిపిస్తుందని గుర్తుంచుకోండి. అనుమానంగా ఉంటే తాడు మీద పాత చీర కట్టి గోడలా వేలాడదీసి చూడండి. లోపల టైల్స్ మీదైతే మాస్కింగ్ టేపు అతికించవచ్చు. పని అయ్యాక వెంటనే తీసేయండి, వారాలపాటు ఉంచితే జిగురు పట్టేస్తుంది.

8. లెక్క షీటు

గూగుల్ షీట్స్ చాలు. అడుగులకు ఒక గడి, అంగుళాలకు ఒక గడి పెట్టి, అంగుళాలను 12తో భాగించి కలపండి. 9-8 అంటే 9.67 అవుతుంది.

టైల్స్ ఉదాహరణ. గది 11 బై 12 అయితే 132 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి 10 శాతం కలిపితే 145. 2 బై 2 టైల్స్ పెట్టెలో నాలుగుంటే పెట్టెకు 16 చదరపు అడుగులు. 9.08 వస్తుంది, అంటే 10 పెట్టెలు. తొమ్మిది చాలంటారు షాపులో. ఒక టైలు తగ్గి మళ్లీ వెళ్తే అదే బ్యాచ్ దొరకకపోవచ్చు, రంగు తేడా వస్తుంది. స్కర్టింగ్, అంటే గోడ అడుగున చుట్టూ వేసే టైల్స్ పట్టీ, విడిగా లెక్కేయండి: చుట్టుకొలత 46 అడుగుల్లో గుమ్మం 3 తీసేస్తే 43, నాలుగంగుళాల ఎత్తుకు 14.3 చదరపు అడుగులు. ఇంకో పెట్టె.

బాత్రూమ్ చోటు మార్చాలనుకుంటే రేటు అడిగేముందు డ్రైనేజీ వాటం చూడండి. 4 అంగుళాల పైపుకు 40కి 1 వాటం, అంటే 40 అంగుళాల దూరానికి 1 అంగుళం దిగేలా, పెడితే 10 అడుగుల దూరానికి 3 అంగుళాలు కిందికి దిగాలి. పైపు వ్యాసంతో కలిపితే నేల ఎంత ఎత్తు లేపాలో తెలుస్తుంది. ఆ ఎత్తు గుమ్మం దగ్గర మెట్టవుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ మెట్టు వద్దు. చాలాసార్లు ఈ ఒక్క లెక్కతో బాత్రూమ్ ఉన్నచోటే ఉంటుంది.

మొత్తం మీద 10 నుంచి 15 శాతం విడిగా పెట్టుకోండి. పాత ఇంట్లో గోడ తవ్వాక ఏం బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. గది పెంచడం, అంతస్తు వేయడం లాంటివైతే అనుమతి ఫీజులు కూడా షీటులో రాయండి. అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ రాతపూర్వక అనుమతి ముందు తీసుకోండి.

9. మేస్త్రీ చేతికి ఇచ్చేముందు

ప్లాన్ ఏ3 కాగితం మీద ప్రింటు తీయండి. ఫోన్‌లో చూపిస్తే ఎవరి ఫోన్‌లో ఏ బొమ్మ ఉందో తెలియక పాత ప్లాన్ ప్రకారం గోడ లేస్తుంది. ప్రతి ప్రింటు మీదా తేదీ, "ప్లాన్ 3" అని పెద్ద అంకె రాయండి. కొత్తది ఇచ్చినప్పుడు పాతది వెనక్కి తీసుకుని చింపేయండి. ప్రింటరు పేజీకి సరిపెట్టడానికి బొమ్మను కుదించేస్తుంది. అందుకే కాగితం మీద స్కేలు పెట్టి కొలవవద్దనీ, రాసిన అంకెలే చూడమనీ మేస్త్రీకి చెప్పండి.

కొలతలు లోపలివో, ప్లాస్టరింగ్‌కు ముందువో రాయాలి. మీరు 9-8 అని ఇస్తే మేస్త్రీ ఇటుక నుంచి ఇటుకకు 9-8 కట్టి, తర్వాత రెండువైపులా ప్లాస్టరింగ్ వేస్తాడు. అంగుళం, అంగుళంన్నర పోతుంది. "పూర్తయ్యాక లోపల 9-8" అని రాయండి. స్విచ్‌బోర్డులకు విడిగా ఒక ప్రింటు ఇవ్వండి, నేల నుంచి ఎత్తులతో. మంచం పక్కన, మిక్సీ దగ్గర, వాటర్ ఫిల్టర్ దగ్గర, గ్రైండరు పెట్టే చోట పాయింట్లు ఉన్నాయా చూసుకోండి.

మొదటి వరుస ఇటుక వేసిన రోజు టేపు తీసుకుని వెళ్లండి. అప్పటికి మార్చడం పది నిమిషాల పని. కర్ణాలు కొలవండి, గుమ్మాల ఖాళీ కొలవండి. కరెంటు పైపులు, నీళ్ల పైపులు గోడలో పెట్టాక, ప్లాస్టరింగ్‌కు ముందు, టేపు ఆనించి ప్రతి గోడకూ ఫోటో తీసి గది పేరుతో దాచండి. రేపు ఫోటో ఫ్రేముకు మేకు కొట్టాలన్నా, గీజర్ మార్చాలన్నా ముందు ఆ ఫోటో తీసి చూడవచ్చు.